వెనక గుండీల గౌను

మార్చి 4, బుధవారం

మళ్ళీ రాస్తున్నాను. నవంబరు నుంచి ఏమీ రాయలేదు. ఆ పేజీలు తెల్లగా ఉన్నాయి. వాటి జోలికి వెళ్ళను.

అత్తయ్య ఇవాళ నన్ను కమిటీకి తీసుకువెళ్ళారు. "నాలుగు నెలలైంది అమ్మాయ్. గోడలు చూస్తూ కూర్చుంటే పాప తిరిగొస్తుందా? లే, జుట్టు దువ్వుకో" అన్నారు. దువ్వుకున్నాను.

పెళ్ళైన కొత్తలో ఏడాది పాటు ప్రతి బుధవారం వెళ్ళినదాన్నే. కడుపుతో ఉన్నప్పుడు మానేశాను. గది ఏమీ మారలేదు. కిటికీ పక్కన ఐదు కుట్టుమిషన్లు, మధ్యలో గుడ్డ కత్తిరించే పొడవాటి బల్ల, గోడ మీద పెద్దమ్మగారి ఫోటో. పిల్లల ఆసుపత్రి కోసం ఆడవాళ్ళను కూడగట్టి చందాలు పోగుచేయడం నలభై ఏళ్ళ కిందట మొదలుపెట్టింది ఆవిడే. పోయి చాలా కాలమైంది. ఫోటోలో కూడా ఎదుటివాళ్ళను చందా అడుగుతున్నట్టే చూస్తుంది.

నేను గుమ్మంలో అడుగుపెట్టగానే మిషన్లన్నీ ఆగాయి. మరుక్షణం అన్నీ ఒక్కసారే మొదలయ్యాయి, మునుపటి కంటే గట్టిగా.

అధ్యక్షురాలిని అందరూ ప్రెసిడెంటమ్మ అంటారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "చిక్కి సగమయ్యావు తల్లీ. నీకో పని పెడతాను, మనసు మళ్ళుతుంది" అంది. కమిటీకి నలభై ఏళ్ళు నిండాయని చరిత్ర పుస్తకం వేస్తున్నారట. దాన్ని ఇంటింటికీ అమ్మి, వచ్చింది కొత్త వార్డుకు ఇస్తారు. ముద్రణ మా అచ్చాఫీసులోనే. పాత సమావేశాల పుస్తకాల్లోంచి కావలసినవి ఎత్తి శుభ్రంగా రాసి పెట్టే మనిషి కావాలి.

"ఈ పిల్ల రాత ముత్యాలు. మా కోడలు డిగ్రీ చదివింది, అది రాస్తే కోడి కెలికినట్టుంటుంది" అంది కత్తెరమ్మ. గుడ్డ కత్తిరించే పని ముప్పై ఏళ్ళుగా ఆవిడదే.

"ఐదో తరగతితో ఆపేసిందిగా, చేతిరాత పాడవలేదు" అంది మిషన్ మీద నుంచి ఇంకొకావిడ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఏమంటావమ్మా?" అంది ప్రెసిడెంటమ్మ.

సరే అన్నాను. నాకు తెలిసిన మాట అదొక్కటే.

మార్చి 5

తొమ్మిది పుస్తకాలు ఇంటికి వచ్చాయి. బూజు వాసన. ఎండలో ఆరబెట్టాను.

మార్చి 9, సోమవారం

మొదటి పుస్తకం అయింది. రాత కొక్కిరి బిక్కిరిగా ఉన్నా మాట సూటిగా ఉంది. పెద్దమ్మగారే రాసేవారట. ఎవరి పేరూ రాయలేదు. ఫలానా ఇంటి ఆవిడ, ఫలానా వారి కోడలు అనే రాశారు.

అప్పట్లో పిల్లలకు వేరే ఆసుపత్రి లేదు. పెద్దాసుపత్రి వెనక వరండాలో ఒక్కో మంచం మీద ముగ్గురేసి పిల్లలు, పక్క మంచం మీద కాలు విరిగిన మగవాళ్ళు బీడీలు కాలుస్తూ. పెద్దమ్మగారి మనవడు అక్కడ పదకొండు రోజులు ఉన్నాడు. ఇంటికి వచ్చాడో లేదో రాయలేదు. పన్నెండో రోజున ఆవిడ ఐదుగురు ఆడవాళ్ళను పిలిచి కూర్చోబెట్టారు. అంతే.

చందా అడిగితే ఎవరూ ఇవ్వలేదట. అందుకని పాత పేపర్లు అడిగారు. పాత పేపరు లేదని ఎవరూ అనలేరు కదా. తోపుడుబండి మీద వీధి వీధి తిరిగి, పోగుచేసి, అమ్మారు. "పాత పేపర్లమ్మలు వస్తున్నారు, తలుపులేసుకోండి" అని అరిచేవారట. ఆ మాటను ఆవిడ పుస్తకంలో రాసి, కింద, "తలుపు వేసినవారి ఇంట పేపర్లు గుమ్మం బయటనే దొరికినవి. తీసుకొంటిమి" అని రాశారు.

ఇంకోచోట ఇది ఉంది: "దర్జీ భార్య ఆలస్యముగా వచ్చినది. చెప్పులు కనపడలేదట. దాచినది ఎవరో అందరికీ తెలియును. ఆమె కొరకు ఒక జత చెప్పులు ఇచ్చటనే ఉంచవలెనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

నాకు నవ్వొచ్చింది. పైకే నవ్వాను. అత్తయ్య వంటింట్లోంచి తడిచేతులతో పరుగెత్తుకొచ్చి నన్ను చూసి వెనక్కి వెళ్ళిపోయారు.

మార్చి 11, బుధవారం

కత్తెరమ్మ కుట్టిన గౌన్లు ఒక మోపు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "కాజాలు అయ్యాయి, గుండీలు నువ్వే కుట్టాలి. నువ్వు కుట్టిన గుండీ ఊడదే తల్లీ, ఆ బిడ్డ పెద్దదై పెళ్ళిపీటలెక్కినా ఊడదు" అంది. అనగానే నాలుక కరుచుకుంది.

వేలు నొప్పి అన్నాను. ఏ వేలని ఎవరూ అడగలేదు.

గౌను తెల్లగుడ్డ. ముందు, సరిగ్గా గుండె మీద, నీలం దారంతో పిచ్చుక బొమ్మ. అది కమిటీ గుర్తు. వెనక మెడ నుంచి నడుము దాకా నాలుగు గుండీలు. చందాలకు తీసుకువెళ్ళే కార్డు మీద వార్డులోని ఒక బిడ్డ ఫోటో ఉంటుంది, గుండె మీద పిచ్చుకతో. "పిచ్చుక కనపడితేనే పర్సు తెరుచుకుంటుంది" అని ప్రెసిడెంటమ్మ ఎప్పుడూ అనే మాట. ముందు గుండీలు పెడితే పిచ్చుకకు చోటుండదు. అందుకే వెనక. ఆ నమూనా కాగితాన్ని రేకు గొట్టంలో పెట్టి బీరువాలో దాస్తారు. పెద్దమ్మగారు స్వయంగా కత్తిరించారట. దాన్ని మార్చే మాట ఎవరూ ఎత్తరు.

జబ్బు పిల్లలు వెల్లకిలా పడుకుంటారు. కూర్చుని కుట్టేవాళ్ళకు ఆ సంగతి తోచదు. నాకూ తోచలేదు, ఏడాది పాటు కుట్టాను.

వార్డులో నర్సులకు తెలుసు. మామూలు రోజుల్లో గౌను తిప్పి తొడుగుతారు. గుండీలు ముందుకు, పిచ్చుక వీపు కిందకు. శనివారం కమిటీవాళ్ళు వార్డు చూడటానికి వస్తారు కనుక ఆ పూట మళ్ళీ తిప్పుతారు. "శనివారం పిచ్చుకలు లేస్తాయి" అని పెద్ద నర్సమ్మ జోకు. నేను పాపతో అక్కడ పంతొమ్మిది రోజులు ఉన్నాను. ఆ జోకు మూడుసార్లు విన్నాను.

ఆఖరి శనివారం నర్సు తిప్పింది.

ఆదివారం పాపకు స్నానం చేయించేటప్పుడు వీపు మీద నాలుగు గుండ్రటి గుర్తులు. ఎర్రగా, వరసగా, ఎవరో కొలిచి పెట్టినట్టు. ఆ గౌను గుండీలు నేను కుట్టినవే. దారం రెండు చుట్లు తిప్పి కింద నుంచి లాగే ముడి మా అమ్మ నేర్పింది. ఆ గదిలో ఇంకెవరికీ రాదు.

నెమ్ము ముదిరింది, ఊపిరితిత్తుల్లో చీము పట్టింది అని డాక్టరు చెప్పాడు. గుండీలకూ దానికీ సంబంధం లేదు. చదువు లేకపోయినా ఆ మాత్రం నాకు తెలుసు.

మార్చి 12

నర్సు తిప్పింది. నేను పక్కనే ఉన్నాను.

మార్చి 17, మంగళవారం

ఇవాళ దొరికింది. రెండో ఏడాది పుస్తకం, మధ్యలో. వార్డుకు మొదటిసారి గౌన్లు కుట్టినప్పటి సంగతి. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

"గౌనుకు పక్కన నాడాలు పెట్టవలెను. గుండీలు వలదు. పడుకున్న బిడ్డకు గుచ్చుకొనును. నమ్మనివారు తమ వీపు కింద ఒక గుండీ పెట్టుకొని ఒక పూట పడుకొని చూచి వచ్చి మాట్లాడవలెను."

మూడుసార్లు చదివాను. గోడ మీద ఫోటోలో ఉన్న మనిషి లేచి వచ్చి నా తరఫున మాట్లాడినట్టు అనిపించింది.

తర్వాత గుండీలు ఎప్పుడు వచ్చాయో వెతికాను. పన్నెండో ఏడాది. రాత వేరే ఎవరిదో:

"ఫోటోగ్రాఫరు వచ్చెను. నాడాలు వేలాడుటచే బొమ్మ అందముగా రాదనెను. అచ్చాఫీసు కోడలు ముందు పిచ్చుక, వెనక గుండీలు వచ్చునట్లు కొత్త నమూనా కత్తిరించి తెచ్చినది. అందరూ చప్పట్లు కొట్టిరి. పెద్దమ్మగారు మంచములో ఉన్నందున రాలేదు."

అచ్చాఫీసు కోడలు. చదవగానే నన్నే అనుకున్నాను. తర్వాత లెక్క తెలిసింది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఆ మాట అత్తయ్యది.

మార్చి 18, బుధవారం

తలనొప్పి అని కమిటీకి వెళ్ళలేదు.

మార్చి 19, గురువారం

మధ్యాహ్నం అత్తయ్య బఠాణీలు ఒలుస్తున్నారు. కళ్ళజోడు పెట్టుకున్నా ఈ మధ్య పాత రాత కనపడటం లేదని, ఆ పేజీలు నన్నే చదివి వినిపించమంటున్నారు. చెప్పుల పేజీ చదివితే, "ఆ దర్జీ భార్యను నేను చూశాను. ఆ జత చెప్పులు పోయేదాకా అక్కడే ఉన్నాయి" అని నవ్వారు. తర్వాత నాడాల పేజీ చదివాను. ఆపకుండా గుండీల పేజీ కూడా చదివాను.

చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"అప్పటికి నాకు ముప్పై నిండలేదు. ఆ గదిలో నా మొహం ఎరిగినవాళ్ళే లేరు. ఎవరో మూలన కూర్చుని గుండీలు కుట్టే పిల్ల అనుకునేవాళ్ళు. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి మీ మామయ్యకు చెబితే, ఊఁ అన్నారు. పదిమందిలో నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే అమ్మాయ్."

నేను పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఆ పేజీ ఎత్తకు."

"ఏది అత్తయ్యా? నాడాల పేజీనా, గుండీల పేజీనా?"

అంత మాట నేను అన్నానంటే నాకే నమ్మకం లేదు. అన్నాను.

"రెండూ" అన్నారు.

కాసేపటికి, నా వైపు చూడకుండా, "పాప వీపు నేను చూడలేదనుకున్నావా?" అన్నారు. ఆ తర్వాత మిగిలిన బఠాణీలన్నీ ఒలిచారు. ఒక్క గింజ కింద పడలేదు.

మార్చి 20

ఆయనతో చెప్పాను. భోజనం దగ్గర.

"చరిత్ర అన్నంత మాత్రాన ఉన్నవన్నీ వేస్తారా? పేజీలు పెరిగితే కాగితం ఎవరిస్తారు?" అన్నారు. తర్వాత చెయ్యి కడుక్కుంటూ, "అమ్మను ఇందులోకి లాగకు. నీకు అసలు ఏం కావాలి?"

"నాడాలు."

"ఏంటి?"

"గౌన్లకు పక్కన నాడాలు కావాలి."

ఆయన నన్ను చూసిన చూపు! నగ అడిగినా, పుట్టింటికి పంపమని అడిగినా అంత కంగారు పడేవారు కాదు. తువ్వాలు తీసుకుని, తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకున్నారు. "చూద్దాంలే" అని అచ్చాఫీసుకు వెళ్ళిపోయారు. నవంబరు నుంచి ఆయన పొద్దస్తమానం అక్కడే ఉంటున్నారు. యంత్రం చప్పుడులో ఏమీ వినపడదు కదా. ఆ ఉపాయం నాకు లేదు.

రెండు పేజీలూ శుభ్రంగా ఎత్తి రాశాను. కట్టలో పెట్టాను.

మార్చి 23

అనుకుంటున్నాను. రెండు వాక్యాలు చాలు. "గుండీలు వెనక వద్దండీ. నాడాలు పెడదాం." పొయ్యి ముందు చెప్పాను. బావి దగ్గర చెప్పాను. అక్కడ బాగానే వస్తోంది.

మార్చి 25, బుధవారం

చెప్పాను.

మొదటిసారి ఎవరికీ వినపడలేదు. రెండోసారి కత్తెరమ్మ, "ఏంటమ్మా, దారం కావాలా?" అంది. అప్పుడు ప్రెసిడెంటమ్మ చెయ్యెత్తి మిషన్లు ఆపించింది. ఐదు మిషన్లు ఆగితే ఆ గది ఎంత పెద్దదో తెలిసింది.

"గౌనుకు గుండీలు వెనక వద్దండీ. పడుకుంటే గుచ్చుకుంటాయి. మా పాపకు గుచ్చుకున్నాయి. వీపు మీద గుర్తులు పడ్డాయి. పక్కన నాడాలు పెడదాం. పెద్దమ్మగారు మొదట నాడాలే పెట్టారు, పుస్తకంలో ఉంది."

రెండు అనుకుంటే ఆరు వచ్చాయి. గుండీల నమూనా ఎవరు తెచ్చారో చెప్పలేదు. అత్తయ్య నా పక్కనే కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నారు. దారం ఎక్కడం లేదు.

ముందు కత్తెరమ్మ ఏడ్చింది. చేతిలో కత్తెర బల్ల మీద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని. తర్వాత అందరూ లేచి నా చుట్టూ చేరారు. ఎవరెవరి చేతులో నా తల మీద, భుజాల మీద. "ఇంత బాధ లోపల పెట్టుకున్నావా తల్లీ", "ఏడువమ్మా, ఏడిస్తే తగ్గుతుంది." నాకు ఏడుపు రావడం లేదు. నాడాల గురించి ఎవరైనా మాట్లాడతారేమోనని ఒక్కొక్కరి మొహమే చూస్తున్నాను.

ప్రెసిడెంటమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తను నిలబడింది. "ఒక్క మాట చెబుతాను, తప్పుగా అనుకోకు. మీ పాపకు ముక్కు దగ్గర పెట్టిన ఆక్సిజన్ ఎక్కడిది? వార్డులో వేన్నీళ్ళ పైపు ఎక్కడిది? ఆ పిచ్చుక ఇచ్చిందమ్మా. కార్డు మీద అది కనపడబట్టే ఇచ్చారు జనం. నేను ఎండలో గడపగడపా ఎక్కి దిగుతాను, నా మోకాళ్ళకు తెలుసు. నాడా చూసి ఎవరిస్తారు?"

నిజమే. ఆ ఆక్సిజన్ పెట్టినప్పుడు పాప ఒక పూట తేలిగ్గా ఊపిరి తీసుకుంది. నిజమే అన్నాను.

అనగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. "మీరంతా వింటున్నారా? ఈసారి కుట్టే వంద గౌన్లూ ఈ తల్లి కన్న బిడ్డ పేరు మీద! మెడ లోపల ఎర్రదారంతో పాప పేరు. పుస్తకం ఆవిష్కరణ రోజు వార్డులో మొదటి గౌను ఈ అమ్మాయి చేత్తోనే బిడ్డకు తొడిగిద్దాం. ఫోటోగ్రాఫరును పిలుద్దాం."

అందరూ చప్పట్లు కొట్టారు. కత్తెరమ్మ ఏడుస్తూనే కొట్టింది. అత్తయ్య కూడా కొట్టారు. ఒక చేత్తో సూది పట్టుకుని ఉన్నారు కనుక చప్పుడు రాలేదు.

"ఏమంటావమ్మా?"

సరే అన్నాను.

మార్చి 26, గురువారం

నర్సు తిప్పలేదు.

ఆ శనివారం పెద్ద నర్సమ్మ మంచం మంచం తిరుగుతూ వచ్చి, పాపను చూసి, "ఈ బిడ్డను కదపొద్దమ్మా. వాళ్ళేం అనుకోరు, ఇలాగే ఉంచు" అంది. నేనే తిప్పాను. ఆమె పక్క మంచానికి వెళ్ళగానే తిప్పాను. కమిటీవాళ్ళు వస్తారు, అందులో అత్తయ్య ఉంటారు, సొంత మనవరాలి పిచ్చుకే కనపడకపోతే పదిమందిలో ఆవిడకు తలవంపులు అనుకున్నాను. చెయ్యి లోపలికి పెట్టి గౌను తిప్పుతుంటే పాప కళ్ళు తెరిచి చూసింది. ఏడవలేదు. అప్పటికి ఏడిచే ఓపిక లేదు.

వాళ్ళు వచ్చారు. మంచం దగ్గర నిలబడ్డారు. "చూడండి, పిచ్చుకతో ఎంత ముద్దుగా ఉందో" అంది ఒకావిడ. అత్తయ్య సంతోషించారు. నేనూ సంతోషించాను. వెళ్ళిపోయారు.

తర్వాత తిప్పలేదు. నిద్రపోతున్న బిడ్డను కదపడం ఇష్టం లేక.

కాదు. సాయంత్రం అత్తయ్యతో ఇంకెవరైనా వస్తారేమోనని. ఎవరూ రాలేదు. ఆ రాత్రి వార్డుకంతటికీ ఒకే నర్సు. తెల్లవారేదాకా గౌను అలాగే ఉంది. తెల్లవారింది, పాప లేదు.

ఇది రాశాక కాగితం చింపుదామనుకున్నాను. చింపలేదు.

ఏప్రిల్ 2

మెడ లోపల పేరు కుట్టే పని కూడా నాకే ఇచ్చారు. "రాతే ముత్యాలు, దారంతో రాస్తే ఇంకెంత బాగుంటుందో" అని. ఇవాళ్టికి ముప్పై అయ్యాయి. ఒకే పేరు అన్నిసార్లు కుడితే అది పేరులా ఉండటం మానేస్తుంది. వట్టి వంకరలు. ఈ పుస్తకంలో మాత్రం ఆ పేరు రాయను.

గుండీలు వేరే ఎవరో కుడుతున్నారు. వదులుగా.

ఏప్రిల్ 6, సోమవారం

ప్రూఫులు వచ్చాయి. తడి సిరా వాసన. చెప్పుల పేజీ లేదు, మర్యాదగా ఉండదన్నారట. పాత పేపర్లు ఉన్నాయి. తలుపులేసుకున్నవాళ్ళు లేరు. నాడాల పేజీ లేదు. గుండీల పేజీ ఉన్న చోట ఒక్క వాక్యం ఉంది: "పన్నెండో ఏట గౌను నమూనా మరింత అందంగా తీర్చిదిద్దబడింది."

ఎవరు తీర్చిదిద్దారో లేదు. అత్తయ్య ఆ వాక్యాన్ని నా చేత చదివించుకుని, ఇంకోసారి చదవమన్నారు. ఊరట కలుగుతుందనుకున్నాను. "నా పేరు కూడా తీసేశారా?" అన్నారు.

వద్దన్నది ఆవిడే.

ఆయన రాత్రి భోజనం దగ్గర, "కంపోజిటర్ నీ రాతను తెగ మెచ్చుకున్నాడు" అన్నారు.

ఏప్రిల్ 11, శనివారం

పొద్దున పదింటికి రెండు కార్లలో వెళ్ళాం. అత్తయ్య తన పట్టుచీర నాకు కట్టారు. నాకు పొడుగైంది, కుచ్చిళ్ళు ఎక్కువ పోసి సర్దారు. ఆసుపత్రి మెట్ల దగ్గర నా కాళ్ళు ఆగాయి. అత్తయ్య వీపు మీద చెయ్యి వేసి మెల్లగా నెట్టారు.

వార్డులో పన్నెండు మంచాలు. పాప పడుకున్న మంచం కిటికీ వైపు నుంచి రెండోది. దాని మీద ఒక మగపిల్లవాడు. బాగానే ఉన్నాడు, అరటిపండు తింటున్నాడు. పెద్ద నర్సమ్మ నన్ను గుర్తుపట్టింది. చీర చూసింది, మెడలో గొలుసు చూసింది, వెనక వస్తున్నవాళ్ళను చూసింది.

"మీరా? ఇటువైపు వచ్చేశారా?" అంది.

ఎగతాళి చేయలేదు. మామూలుగానే అడిగింది.

మేము లోపలికి నడుస్తుంటే నాలుగో మంచం దగ్గర ఒక తల్లి గబగబా బిడ్డ గౌను తిప్పుతోంది. నా వయసే ఉంటుంది, ఇంకా చిన్నదేమో. బిడ్డ తల వేలాడిపోతోంది. నేను మిగతావాళ్ళ కంటే ముందు వెళ్ళి, "తిప్పకమ్మా. అలాగే ఉంచు" అన్నాను.

ఆమె ఉలిక్కిపడింది. "లేదమ్మగారూ, అయిపోయింది, ఒక్క నిమిషం. ఇందాకే తిప్పాల్సింది, నీళ్ళకు వెళ్ళాను. ఏమనుకోకండి" అంటూ ఇంకా వేగంగా తిప్పింది.

అమ్మగారూ అంది.

ఇంకేదో చెప్పబోయాను. అప్పటికి ప్రెసిడెంటమ్మ నా పక్కకు వచ్చేసింది. "ఈ బిడ్డ బాగుంది, ఇక్కడే తొడిగిద్దాం" అంది. కొత్త గౌను నా చేతికిచ్చారు. ఇప్పుడే తిప్పిన గౌను విప్పి, పాప పేరున్న గౌను తొడిగాను. గుండీలు వెనక్కి వచ్చేలా. ఫోటోగ్రాఫరు, "ఆ చెయ్యి పక్కకు తీయండమ్మా, పిచ్చుక కనపడటం లేదు" అన్నాడు. తీశాను. బిడ్డ వీపు నా అరచేతిలో ఉంది. ఎంత వేడిగా ఉందో. ఆ తల్లి నా వైపు చూసి నవ్వుతోంది, నేనెక్కడ కోపంగా ఉన్నానోనని.

తర్వాత నర్సులు మిగతా మంచాల్లోనూ కొత్త గౌన్లు తొడిగారు. ప్రెసిడెంటమ్మ మాట్లాడింది. పుస్తకాలు పంచారు. అందరూ కింద డాక్టరుగారి గదిలో టీ తాగడానికి దిగారు. నేను చేతులు కడుక్కుంటానని ఆగిపోయి వార్డులోకి వెనక్కి వెళ్ళాను.

మొదటి మంచం నుంచి మొదలుపెట్టాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే భయపడతారని తెలిసింది. గుండీలు విప్పడం, బిడ్డను కొద్దిగా ఎత్తడం, గౌను తిప్పడం, మళ్ళీ పెట్టడం. మూడో మంచం దగ్గరికి వచ్చేసరికి మిగతా తల్లులకు విషయం అర్థమైంది. కానీ వాళ్ళంతట వాళ్ళు ఎవరూ తిప్పలేదు. కొత్త గౌను, పైగా కమిటీది. నేను వచ్చి తిప్పేదాకా కాచుకుని కూర్చున్నారు. ఎనిమిది అయ్యాయి.

గుమ్మంలో అత్తయ్య. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో.

"ఎన్ని మిగిలాయి?" అన్నారు.

"నాలుగు."

ఆ నాలుగు మంచాల వైపు చూశారు. ఒక అడుగు లోపలికి వేశారు కూడా. కింద కారు హారన్ కొట్టారు. రెండుసార్లు.

"అందరూ ఎక్కేశారు అమ్మాయ్. మనకోసమే ఆగారు."

తొమ్మిదో మంచం దగ్గర తల్లి అప్పటికే బిడ్డను ఎత్తి పట్టుకుని ఉంది. వీపు నా వైపు పెట్టి, నాకు వీలుగా.

మళ్ళీ హారన్.

వచ్చేశాం. కారులో ప్రెసిడెంటమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు మనసు తేలికపడిందా?" అంది.

ఏప్రిల్ 12, ఆదివారం

అత్తయ్య పిలిచారు కనుక వచ్చేశాను. కారు ఆగదు కదా. ఆ నలుగురినీ సాయంత్రానికి నర్సులే తిప్పి ఉంటారు. ఆసుపత్రి నుంచి ఇంటికి నడిచినా ఇరవై నిమిషాలే. కారు పొమ్మని, మిగిలిన నాలుగూ అయ్యాక నడిచి రావచ్చన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఏప్రిల్ 13

అప్పుడే తట్టింది.